ఎర్రచుక్క చెరిగిన దిమ్మ

ఉదయం పదింటికి చెత్తబుట్ట ఖాళీ చేయబోతుంటే షిజుయెకి అందులో ఓ దూదిముక్క కనబడింది. అంచున లేత ఎరుపు. ఆమె దాన్ని బయటికి తీసింది.

తొత్తోరి కొండల్లోని ఆ పరిశోధనాలయంలో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఒకటే: ఒత్తిడి యంత్రంలోకి వెళ్లే ఎనిమిది గట్టి దిమ్మలను పేర్చడం. వాటి మూలలు కలిసేచోట గోరంత గుళికలో లోహపు పొడి ఉంటుంది. మామూలుగా ఎంత కరిగించినా పొసగని ఇనుము, బిస్మత్ అక్కడ నలిగి నలిగి ఒకటై కొత్త లోహమవుతాయి. పగులు కనబడిన దిమ్మకు ఆమె ఎర్రచుక్క పెట్టి వేరే పెట్టెలో వేసేది. నిన్న మంచి దిమ్మలతోపాటు ఆ పెట్టెలోదాన్ని కూడా పళ్లెంలో పెట్టి అన్నిటినీ స్పిరిటుతో తుడిచింది. శుభ్రం ఆమెకు ప్రాణం. ఆ శుభ్రమే చుక్కను తినేసింది. ఆ పళ్లెంలోంచే ఎనిమిదింటిని తీసి యంత్రంలో పేర్చింది.

పరుగున వెళ్లి పెట్టె తెరిచింది. ఖాళీ.

నిన్న యంత్రంలో పెంచిన ఒత్తిడి ఇప్పుడు మెల్లగా దిగుతోంది. దిమ్మలు బద్దలయ్యేది ఒత్తిడి ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. అప్పుడు యంత్రమున్న గదిలోకి వెళ్లకూడదని గోడమీద రాసుంది. అయినా యువ పరిశోధకుడు కువబారా అరగంటకోసారి ఒత్తిడి ముల్లు చూసి రావడానికి వెళ్తూనే ఉన్నాడు.

ఆమె వెళ్లేసరికి ఆ గది తలుపు దగ్గర అతనే ఉన్నాడు.

"లోపలికెళ్లకు," అంది షిజుయె.

"ఇనుముకీ బిస్మత్‌కీ పెళ్లి మీరే చేసి, ఇప్పుడు మొహం చూడొద్దంటారేంటి షిజుయె గారూ?"

నవ్వలేదామె. దూదిముక్క చూపించింది. "పగులున్న దిమ్మ లోపల పెట్టేశాను."

అతని చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. "నిజంగానా?"

"పెట్టె ఖాళీగా ఉంది."

"మీ చేతులు వణుకుతున్నాయని ఆఫీసులో ఇప్పటికే గొణుగుతున్నారు. ఇది తెలిస్తే మార్చిలో మీ కాంట్రాక్టు పొడిగింపు..."

"తెలుసు. నువ్వు మాత్రం వెళ్లకు."

ఇద్దరూ నడవాలో కూర్చున్నారు.  తను తప్పు చెప్పిందేమో, ఏమీ కాకుండానే తన పని పోతుందేమో అన్న ఊహ ఆమెను పురుగులా తొలిచింది. మరుక్షణం, ఏమీ కాకూడదని వేడుకుంది.

పదకొండుంపావుకి గోడ అదిరింది. తలుపు అద్దాలు జలజలలాడాయి. 

ముల్లు సున్నాకి వచ్చాక లోపలికి వెళ్లారు. పగులున్న దిమ్మ ముక్కలైంది, గుళిక పొడైపోయింది. ముల్లు చూడ్డానికి నిలబడేచోట, ఉక్కుపలక మీద ముక్క ఎగిరొచ్చి తగిలిన లోతైన సొట్ట. కువబారా దాని పక్కన నిలబడి చూసుకున్నాడు. తన గుండె ఎత్తుకే ఉంది. 

"నెల్లాళ్ల పని పోయింది," అన్నాడు.

"నేను చెప్పొస్తాను ఆఫీసులో," అంది షిజుయె.

"నేనూ వస్తాను. నన్ను వెళ్లనీయకుండా ఆపారని కూడా చెప్పాలి కదా."

 ఆమె గోడ పట్టుకుని ఆఫీసువైపు నడిచింది.