తాతయ్య జాగ్రత్త

అమ్మమ్మ అప్పటికింకా ఎవరికీ అమ్మమ్మ కాదు. ఇద్దరు పిల్లల తల్లి, చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాజాల మిషను మీద పని. కళ్లు మూసుకుని కూడా కాజా వేస్తానని గొప్పలు పోయే మనిషి. అలాంటిది ఆ పూట బొత్తాం పట్టీ వదిలేసి చొక్కా వీపు మీద కాజా కోసేసింది.

"ఏంటమ్మోయ్, వీపుకి గాలాడాలనా?" అంది పక్క మిషను మీద కూర్చునే వదిన.

అమ్మమ్మ నవ్వలేదు. "తేదీ దాటి వారమైంది వదినా" అంది గొంతు తగ్గించి.

వదిన మిషను ఆపేసింది. సంగతి ఆమెకు తెలుసు. రెండో కాన్పులో రక్తం ఆగక అమ్మమ్మ చావు అంచుల దాకా వెళ్లొచ్చింది. ఇంకో కాన్పంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ మొహమ్మీదే చెప్పింది. కాస్త కోలుకున్నాక వచ్చి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోమంది. కోలుకుంది గానీ వెళ్లలేదు. తాతయ్య వెళ్లనిస్తే కదా!

"మరి మీ ఆయన ఏం వాడతాడు?"

"ఏమీ వాడరు. ఆయన జాగ్రత్తలో ఆయనుంటారు. చివర్లో పక్కకి తప్పుకుంటారు."

"ఓసి పిచ్చిదానా! మా చిన్నదాన్ని చూశావుగా? అది మా ఆయన జాగ్రత్తకి పుట్టిందే!"

అమ్మమ్మ వేళ్ల మీద రోజులు మళ్లీ లెక్కబెట్టుకుంది.

తాతయ్య ఊరి నీళ్ల ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. ట్యాంకు నిండే చప్పుడు చెవిన పడగానే మోటారు కట్టేసేవాడు. ఆయన డ్యూటీలో ట్యాంకు పొర్లిన పాపాన పోలేదు. ఆ పొగరంతా మూటగట్టుకుని పడగ్గదిలోకి కూడా తెచ్చుకున్నాడు మహానుభావుడు. "నీకెందుకే ఆ కోత? ఎప్పుడు ఆపాలో నాకు తెలీదా?" అనేవాడు.

పని దిగి అమ్మమ్మ తిన్నగా పంపుహౌసుకే వెళ్లింది. గ్రీజు మరకల గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తాతయ్య అంతా విన్నాడు.

"నేనా? నేను తప్పడమా? ఛ, అరగక నెల వెనక్కి జరిగుంటుంది."

"అరక్కపోతే నెల జరుగుతుందా, ఎక్కడైనా విన్నారా?"

"ఎన్నేళ్లు గడిచాయి మనకి, ఒక్కసారైనా తేడా వచ్చిందా?"

అమ్మమ్మ ఆయన వెనకున్న గొట్టం వైపు చూసింది. మోటారు ఆగి చాలాసేపయింది. గొట్టం మూతి నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"మోటారు కట్టేశారుగా, మరి అవేంటి?"

"అవా? గొట్టంలో ఉన్న నీళ్లే..." అంటూ తాతయ్య మాట మింగేశాడు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. వాగుడుకాయ నోరు మూసుకుంటే అమ్మమ్మకు ఇంకా భయమేసింది.

మర్నాడు ఇద్దరూ ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. నర్సమ్మ మూత్రం పరీక్ష చేసింది. "ఇప్పటికైతే ఏమీ లేదు. ఒక్కోసారి తొందరగా చూస్తే తేలదు. వారంలో నెలసరి రాకపోతే మళ్లీ రండి" అంది. తర్వాత తాతయ్య వైపు తిరిగింది. "ఇలా చివర్లో తప్పుకోవడాన్నే నమ్ముకున్న జంటల్లో ఏడాది తిరిగేలోపు ఐదింట ఒకదానికి కడుపొస్తుందయ్యా."

"వాళ్లకి చేతకాక, సిస్టరమ్మా."

"ఎంత చేతనైనా కొందరికి తప్పదు. ఆఖరికి రాకముందే కాస్త తడి వస్తుంది. అందులోనూ బీజాలుండొచ్చు. వచ్చినట్టు నీకే తెలీదు, ఇంకేం ఆపుతావ్? ఆవిణ్ని కోతకి పంపడం ఇష్టం లేకపోతే నువ్వు చేయించుకో. చిన్న పని. సాయంత్రానికి ఇంట్లో ఉంటావ్."

"చూద్దాం లెండి" అన్నాడు తాతయ్య, చెప్పులు వెతుక్కుంటూ. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

ఆ వారం ఇంట్లో గిన్నె కిందపడితే ఇద్దరూ ఉలిక్కిపడేవారు. అమ్మమ్మ దొడ్డికి వెళ్లొస్తే తాతయ్య ఆమె మొహంలోకి చూసేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. పిల్లలిద్దరికీ జడలు వేస్తూ, రేపు తను లేకపోతే వీళ్లకి ఎవరు దువ్వుతారా అని చేతులు ఆపేసేది. ఒక పొద్దున ట్యాంకు పొర్లి నీళ్లు వీధంతా పారాయి. "పంపాయన నిద్రపోయాడా, చచ్చాడా?" అని ఆడవాళ్లు అరిచారు. తాతయ్య పరుగెత్తుకెళ్లి మోటారు కట్టేశాడు.

వారం కావస్తుండగా ఫ్యాక్టరీ మరుగుదొడ్డిలో అమ్మమ్మకు నెలసరి కనిపించింది. తలుపు గడియ పట్టుకుని నోరు నొక్కుకుని ఏడ్చింది. వదినకు చెప్పి సెలవు పెట్టి బయటపడింది.

ఇంటి గుమ్మంలోనే తాతయ్య. ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు.

"పద" అన్నాడు. "ఉన్నా లేకపోయినా నేను చేయించేసుకుంటా. నీ మొహం చూడలేకపోతున్నా."

అమ్మమ్మ ఆయన వెంట నడిచింది. చెబితే ఈ మనిషి వెనక్కి తిరుగుతాడేమోనని నోరు కట్టేసుకుంది. ఆరోగ్య కేంద్రం బెంచీ మీద కూర్చున్నాక మాత్రం ఉండబట్టలేకపోయింది.

"ఏమండీ, నాకు వచ్చేసింది. ఇందాకే."

తాతయ్య దిగ్గున లేచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే కాలు గేటు వైపు జరిగింది. "అయితే ఇంక..."

"వెళ్దామంటే వెళ్దాం. నేనేం పట్టుకోలేదు. కానీ ఇలాంటి వారం ఇంకోటి నా వల్ల కాదు. మళ్లీ మీ జాగ్రత్త మీద పడుకోమంటే పడుకోను."

లోపలి నుంచి నర్సమ్మ పిలిచింది. తాతయ్య గేటు వైపు చూశాడు, అమ్మమ్మ వైపు చూశాడు. "సిస్టరమ్మా, నొప్పి పుడుతుందా?" అని అడుగుతూనే లోపలికి వెళ్లిపోయాడు.

బయటికి వచ్చేటప్పుడు కాళ్లు ఎడంగా వేస్తూ నడిచాడు. నర్సమ్మ వెనకే వచ్చి తొడుగుల పెట్టె చేతిలో పెట్టింది. "వెంటనే పనిచేయదయ్యా. మూడు నెలలు ఇవి వాడాలి. ఆ తర్వాత పరీక్షలో బీజాలు లేవని తేలాకే మానేయాలి."

"ఇంకా మూణ్ణెల్లా! ఈలోపు నేనే కాస్త చూసుకుని..."

అమ్మమ్మ ఆ పెట్టె లాక్కుని తన సంచిలో వేసుకుంది. "నా దగ్గరుండనీండి. మీ చేతిలో ఉంటే మళ్లీ మీ జాగ్రత్త మొదలవుతుంది" అని, ఆయన పడిపోకుండా మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.