కళింగపట్నానికి ఒక ఖాళీ డ్రమ్ము

డ్రమ్ములు పగులుతున్నాయని కళింగపట్నం నుంచి మూడోసారి ఫోను వచ్చాక, శనివారం ఉదయం ఆరింటికి ఒక ఖాళీ డ్రమ్ము మోసుకుంటూ విజయనగరం స్టేషనుకి వెళ్ళాను. ప్లాస్టిక్ డబ్బా ఎక్కడ పగులుతుందో కంప్యూటర్లో ముందే చూసి చెప్పడం నా ఉద్యోగం. ఇది పగలదని చెప్పింది నేనే. వాడకం సరిగా లేకే పగిలాయని రిపోర్టు రాసిందీ నేనే. అదే అచ్చులో పోసే డ్రమ్ముల పెద్ద ఆర్డరుకి సోమవారం మా మేనేజరు సంతకం పెడతాడు. ఈలోగా తప్పు వాళ్ళదో నాదో తేల్చుకునే తిరిగి రావాలనుకున్నాను.

ప్యాసింజరు కిక్కిరిసి ఉంది. పాతపట్నం రైతు ఒకాయన డ్రమ్ముని ఎగాదిగా చూశాడు.

"కూకోవచ్చేటి బాబూ? పగుల్తాదేటి?"

"హాయిగా కూర్చోండి. నలుగురు కూర్చున్నా పగలదు" అని గొప్పకు పోయాను.

ఎనిమిదింటికి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్సుకి చేరాను. వెళ్ళేవాళ్ళు అక్కడే ఇడ్లీ తిని బస్సెక్కడం మంచిది. కండక్టరు డ్రమ్ముకీ లగేజీ టికెట్టు కొట్టాడు. ఖాళీదే కదా అంటే, "కాళీదైనా సోటు తింటన్నాది కదా బాబూ" అన్నాడు. డబ్బులిచ్చి టికెట్టు తీసుకున్నాను.

పదింటికి కళింగపట్నం. ఫోను చేసిన పోలమ్మ తన పాకలోకి తీసుకెళ్ళింది. ఉప్పుచేప నింపిన డ్రమ్ములు ఒకదానిమీద ఒకటి మూడేసి ఉన్నాయి. పగిలింది ప్రతిసారీ అడుగుదే. ఎత్తి పడేస్తున్నారా, ఈడుస్తున్నారా అని గుచ్చి గుచ్చి అడిగాను. ఆవిడకి ఒళ్ళు మండింది.

"అడుగుది ముట్టుకోనే ముట్టుకోం. మొదట నింపినాది అదే, బాగా ఊరాల. ఎనిమిది రోజులు కదపకూడదు. మొన్న పగిలి సేపంతా కుళ్ళిపోనాది. నీ కంప్యూటర్లో ఎన్ని రోజులుంచినావేటి?"

సిగ్గేసింది. నేను ఒక్క నిమిషం కూడా ఉంచలేదు. ప్లాస్టిక్ ఎలా నడుచుకుంటుందో కంప్యూటర్‌కి చెప్పే సూత్రాన్ని మేం మెటీరియల్ మోడల్ అంటాం. నేను ఎంచుకున్న మోడల్‌కి ఎంత బరువో తెలుసు, ఎంతసేపో తెలియదు. బరువు పెరగకపోయినా ప్లాస్టిక్ రోజురోజుకీ కాస్త కాస్త సాగుతూనే ఉంటుంది. ఆ కాలాన్ని కూడా లెక్కగట్టే మోడల్ ఉంది. కానీ లెక్క ఆలస్యమవుతుందని దాన్ని పక్కన పెట్టాను.

పోలమ్మ ఆ కోపంలోనే అన్నం, చేపల పులుసు పెట్టింది. నేను ఆ కోపంతో సహా కడుపునిండా తిన్నాను.

రెండు గంటల బస్సెక్కే ముందు మేనేజరుకి ఫోను చేశాను. "వాడకం సరిగానే ఉంది సార్. నా రిపోర్టే తప్పు. ఎనిమిది రోజుల లెక్క కట్టేదాకా ఆ ఆర్డరు ఆపండి."

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే తెలిసింది సార్."

"సరే, రాసివ్వు" అన్నాడు. తిరుగు రైల్లోనే రాయడం మొదలుపెట్టాను.

పొందూరులో మూటతో ఎక్కిన ఒకావిడ సీటు కోసం చూసి, చివరికి నా డ్రమ్ము దగ్గరికొచ్చింది.

"దీన్మీద కూకోవచ్చేటి బాబూ?"

పొద్దుటిలా వెంటనే తల ఊపలేకపోయాను.

"ఎక్కడిదాకా అమ్మా?" అని అడిగాను.