మన్ను ముట్టని వీరులు

జహీరాబాద్ బస్టాండు వెనక సందులో గురులింగప్ప వస్తాదు తాలీం ఉండేది. కుస్తీలు నేర్పే చోటన్నమాట. పైన రేకులు, నడుమ ఎర్రమన్ను గుంత, గోడకు హనుమంతుడి పటం. ఆ మన్నులో ఆయన మజ్జిగ, పసుపు, నువ్వుల నూనె కలిపి ప్రతి సోమవారం స్వయంగా తవ్వేవాడు. చెప్పులతో ఎవరూ గడప దాటకూడదు. ముప్పై ఏళ్ళలో ఎంత పెద్దమనిషి వచ్చినా ఆ కట్టు తప్పలేదు.

1981 ఎండాకాలంలో తప్పింది. స్థలం యజమాని మదన్‌మోహన్ కొలత టేపు పట్టుకుని, చెప్పులతోనే టపటపా లోపలికి వచ్చాడు. ఆయనకు పత్తి నిల్వ చేసుకోను గోడౌన్ కావాలట.

"వస్తాద్, మీరంటే మా నాయినకు పాణం. గని లోపల ఎవలున్నరు చెప్పున్రి? శిష్యులేరి?"

గురులింగప్ప ఖాళీ గుంత వైపు చూశాడు. శిష్యుల్లో కొందరు లారీలెక్కారు, కొందరు ఫ్యాక్టరీ షిఫ్టుల్లో చేరారు. ఏడాదిగా ఆ గుంతలో కుస్తీ పడినవాడు లేడు.

"నాగుల పంచమి దాంక ఆగుత. ఆ దినం గీ మన్నుల ఒక్క కుస్తీ వడితే తాలీం మీదే. పడకుంటె తాళంచెవి నాకియ్యున్రి," అన్నాడు మదన్‌మోహన్. ఆయన పోయాక మన్నులో చెప్పుల అచ్చులు మిగిలాయి. గురులింగప్ప మోకాళ్ళ మీద కూర్చుని వాటిని అరచేత్తో చెరిపాడు. అరవై రెండేళ్ళ మనిషికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరికి రెండు సినిమాలు వచ్చాయి. రెండూ బొమ్మల పుస్తకాల్లోంచి తెర మీదికి దిగినవే. ఒకదాంట్లో గాలిరాజు, ఎర్రటి అంగీ తొడుక్కుని ఆకాశంలో ఎగురుతాడు. ఇంకోదాంట్లో వజ్రకాయుడు, గుండు తగిలినా దులుపుకుని నడిచిపోతాడు. ఈ ఇద్దరికీ పోట్లాట పెడితే ఎవడు గెలుస్తాడన్నది జహీరాబాదుకు పట్టిన జ్వరం. పంక్చర్ల దుకాణం సదాశివ గాలిరాజు పక్షం. అల్లం మండీలో బస్తాలు మోసే అమర్నాథ్ వజ్రకాయుడి పక్షం. చాయ్ హోటల్లో వీళ్ళిద్దరూ నోరు విప్పితే బస్సు ఎక్కాల్సినవాళ్ళు బస్సు వదిలేసుకునేవారు. మూడు వారాలైనా తేలలేదు. ఆఖరికి ఇద్దరూ కాలర్లు పట్టుకున్నంత పనిచేసి, తీర్పు కోసం వస్తాదు ముందుకు వచ్చి నిలబడ్డారు.

"కుస్తీ సంగతి మీకెర్క. మీరు జెప్తె మల్ల మాట్లాడం," అన్నాడు సదాశివ.

చిక్కేమిటంటే, గురులింగప్ప పుట్టి సినిమా చూసినవాడు కాదు. నాటకాలూ సినిమాలూ చూడనని చిన్ననాడే గురువుకు ఒట్టేశాడు. చూడని కుస్తీకి తీర్పు చెప్పే రకమూ కాదు. రాత్రి జొన్నరొట్టె ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంటే, భార్య గిరిజమ్మ నవ్వింది.

"మీ గురువు పోయి ఇరవై ఏండ్లాయె. పోయి చూసి రాన్రి. ఒట్టు పాపం నేను మోస్త."

మర్నాడు మ్యాట్నీకి వెళ్ళాడు. గురువు సమాధి ఉన్న దిక్కుకు దండం పెట్టి మరీ లోపలికి అడుగు వేశాడు. దీపాలు ఆరాయి. గాలిరాజు కొండ అంచు మీంచి గాలిలోకి అడుగేసి, కింద పడకుండా అలా పైకి లేచాడు. గురులింగప్ప కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. మనిషిని నేల మీంచి జానెడు లేపాలంటే ఎంత బలం కావాలో ఆ హాల్లో ఆయనకొక్కడికే తెలుసు. వీడు తనను తానే లేపుకున్నాడు! ఆయనకు ఒళ్ళు జలదరించింది. గాలిరాజు మేఘాల్లోంచి సూటిగా తనవైపే దూసుకొచ్చేసరికి, వస్తాదు తటాలున లేచి నిలబడి తొడ చరిచాడు. ఆ చప్పుడు హాలంతా మోగింది. వెనకనుంచి కూర్చోమని ఒక్కరూ అరవలేదు.

రెండో రోజు వజ్రకాయుడిని చూశాడు. అప్పుడూ అంతే ఆశ్చర్యపోయాడు. బయటికి వస్తుంటే సదాశివ, అమర్నాథ్ గేటు దగ్గరే కాచుకున్నారు. వాళ్ళ వెనక యాభై మంది.

"ఇద్దరూ ఇద్దరేరా. అసొంటి పైల్వాన్లను నేను జన్మల చూడలె," అన్నాడు గురులింగప్ప, ఇంకా ఆ మైకంలోనే. "గని కుస్తీకి ముందు ఇద్దర్ల ఒక్కడు సుత మన్ను ముట్టలె. ఎదిరోని చేతుల మన్ను వెట్టలె. మన్ను ముట్టనోళ్ళకు నేను తీర్పు జెప్ప."

"మరెట్ల తేలాలె వస్తాద్?" అన్నాడు అమర్నాథ్.

"వాళ్ళు రారు గద. వాళ్ళ బదులు మీరు రాన్రి. నేర్పుత. నాగుల పంచమికి తేల్చుకోన్రి."

ఆ మాట అన్నాక సగం దారిలో ఆయనకు తట్టింది, తాను అడిగింది మదన్‌మోహన్ షరతు పెట్టిన కుస్తీనే అని. ఇంటికి వచ్చి గిరిజమ్మతో, "నేను వాళ్ళను మోసం జేసిన్నా?" అని బెంగగా అడిగాడు. తాలీం సంగతి వాళ్ళకు చెప్పనేలేదు. నా కోసం కుస్తీ పట్టండ్రా అని అడుక్కోవడం ఆయన వల్ల కాదు. గిరిజమ్మ, "మీకు మోసం చేసే తెలివి ఎక్కడిది," అని పాలు కాచుకోను పోయింది.

నలభై రోజులు ఇద్దరికీ చుక్కలు కనిపించాయి. మొదటి వారం సదాశివ దండీలు తీస్తూ గాలిరాజును పొగిడేవాడు. రెండో వారానికి పొగడటానికి ఊపిరి చాల్లేదు. అమర్నాథ్ బస్తాల బలంతో మీద పడితే, వస్తాదు చిటికెన వేలంత తేడాతో పక్కకు జరిగేవాడు. అమర్నాథ్ మన్ను కరిచేవాడు. "ఈ ముసలాయన ఎగురుతుండా ఏంది?" అని ఇద్దరూ నోరెళ్ళబెట్టి చూసేవారు.

నాగుల పంచమి నాడు సందు సరిపోలేదు. చిరాగ్‌పల్లి నుంచి, ఝరాసంగం నుంచి కూడా జనం వచ్చారు. సదాశివ ఎర్ర తువ్వాలు వీపుకు కట్టుకుని వస్తే వస్తాదు విప్పించాడు. ఇద్దరూ వంగి మన్ను తీసి, ఒకరి చేతిలో ఒకరు పెట్టుకున్నారు.

చాలాసేపు పట్టుకున్నారు. అమర్నాథ్ ఒక్క ఊపులో సదాశివను నడుము పట్టి తల కంటే ఎత్తుకు లేపాడు. రెండు నెలలుగా గాలిలో ఎగరడం గురించి వాదించినవాడు నిజంగానే గాలిలో ఉన్నాడు. అక్కడే వాడు నడుము మెలితిప్పి, మెడ అందుకుని, కిందికి వస్తూ వస్తూ అమర్నాథ్ వీపును మన్నుకు ఆనించాడు. అది వస్తాదు నేర్పిన పట్టే. పట్టిన తీరు మాత్రం ఆయన కూడా ఎన్నడూ చూడనిది.

"గాలిరాజు గెలిచిండు!" అని ఎవరో అరిచారు.

సదాశివ ఒగరుస్తూ అటు చూశాడు. "ఆడెవడు? నేను గెలిచిన!" అన్నాడు. కింద పడ్డ అమర్నాథే అందరికంటే గట్టిగా నవ్వాడు.

గురులింగప్ప సదాశివ చెయ్యి పైకెత్తాడు కానీ కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. జనం పక్కకు తప్పుకుంటున్నారు. మదన్‌మోహన్ వస్తున్నాడు. ఆ చెప్పుల చప్పుడు కోసం ఆయన చెవులు రిక్కించాడు. ఏ చప్పుడూ లేదు. తల వంచి చూస్తే వట్టి కాళ్ళు.

మదన్‌మోహన్ గుంత అంచున కష్టంగా వంగి, చిటికెడు మన్ను తీసి నుదుట పెట్టుకున్నాడు. వస్తాదు అక్కడే మన్నులో కూలబడ్డాడు. సదాశివ, అమర్నాథ్ చెరో చెయ్యి పట్టి లేపారు.