సత్తెమ్మ చెప్పిన పాల లెక్క

కాజీపల్లి పక్క ఊళ్లో సత్తెమ్మ తన బర్రె ఎన్ని పాలిస్తుందో ఎవరికీ సరిగ్గా చెప్పదు. ఇది మోసం కాదు, జాగ్రత్త. ఉన్న లెక్క బయటపెడితే దిష్టి తగిలి పాలు ఎండిపోతాయని ఆ ఊరి నమ్మకం. పదిహేనేళ్ల కిందట పశువుల దాణా మీద పరిశోధన చేసేవారు ఇంటింటికీ తిరిగి పాల దిగుబడి అడిగారు. ఆరు లీటర్లిచ్చే బర్రె పక్కన నిలబడి సత్తెమ్మ రెండని చెప్పింది. ఊరంతా అదే తీరులో చెప్పింది. వారు రాసుకుని వెళ్లారు.

తరువాత ఒక రసాయన కర్మాగారం మురుగు ఊరి పశువులు నీళ్లు తాగే చెరువులో కలిసింది. పాలు తగ్గాయి. కర్మాగారం చేత పశువులకు మంచినీటి పైపులైను వేయించాలంటే, ఆ తగ్గుదలను ఊరు విచారణాధికారి ముందు రుజువు చేయాలి. ఊరి తరఫు న్యాయవాదిని నేను. పటాన్‌చెరులో స్థిరపడిన కోస్తా కుటుంబపు అమ్మాయి, పశువైద్య విద్యార్థిని కృష్ణప్రియ, ఆ పాత దాణా సర్వేను వెలికితీసింది. దాణా కోసం సేకరించిన జవాబులు నీటి ప్రశ్నకూ పనికొస్తాయని ఆమె ఆలోచన. ఇప్పటి పాలను స్వయంగా కొలిచింది. సత్తెమ్మ బర్రె రెండు లీటర్లిచ్చింది. అప్పుడు రెండు, ఇప్పుడూ రెండే. కర్మాగారం న్యాయవాది ఆ పట్టికను మెచ్చుకుని ఒక ప్రతి అడిగి తీసుకున్నాడు.

కృష్ణప్రియ మళ్లీ సత్తెమ్మ కొట్టానికి వచ్చి పాలు కొలిచింది. ఈసారీ రెండే.

"పెద్దమ్మా, అప్పుడు కూడా నిజంగా రెండేనా?"

"చెప్పిన గదా బిడ్డా."

"ఆరిచ్చేది," అన్నాడు మంచం మీది నుంచి ఆమె భర్త మొగులయ్య.

"నువ్వు జెర నోర్మూస్కో. ఊరంత ఇనాల్నా ఏంది?"

"పోనీ, ఇప్పుడెంత ఇస్తోంది?"

"యాడియి బిడ్డా, అర్ధలీటరు."

"మీ ముందే రెండు కొలిచాను కదండీ."

"కొల్సింది నువ్వు. మల్ల నన్నెందుకు అడుగుతున్నవ్?"

ఇన్నాళ్లూ అప్పటి నోటిమాటను ఇప్పటి కొలపాత్రతో పోల్చినట్టు కృష్ణప్రియకు అప్పుడు తెలిసింది. మర్నాడు పాత్ర లేకుండా ఊరంతా తిరిగి, పాత ప్రశ్ననే పాత పద్ధతిలో అడిగింది. ప్రతి ఇంటా అప్పుడు చెప్పినదానికన్నా బాగా తక్కువ చెప్పారు.

"ఇవన్నీ అబద్ధాలే కదా?" అన్నాడు కర్మాగారం న్యాయవాది విచారణలో.

"అవును, రెండుసార్లూ తక్కువే చెప్పారు. చెప్పే తీరు మారలేదు. మారినవి పాలే," అంది కృష్ణప్రియ.

అధికారి పైపులైను వేయాలని ఆదేశించారు. ఎప్పటిలోగా అన్నది మాత్రం రాయలేదు. గడువు లేనిదాన్ని ఆదేశమని పిలవాలని నాకు ఏ న్యాయ కళాశాలలోనూ నేర్పలేదు. గడువు కోరుతూ ఆ రోజే మరో అర్జీ వేశాం. దాని మీద మొదటి వేలిముద్ర సత్తెమ్మది. వేలికంటిన సిరా కొంగుకు తుడుచుకుని, బర్రెను తోలుకుని ఆమె చెరువుకు వెళ్లింది.