చేతులు వెనక్కి మావయ్య

ఆయన అసలు పేరు వీధిలో సగం మందికి తెలియదు. పిల్లలకీ పెద్దలకీ ఆయన 'చేతులు వెనక్కి మావయ్యే'. ఒకప్పుడు ఓ ఓడల షావుకారు సముద్రపొడ్డున వేసవి విడిదిగా కట్టుకున్న మేడని మ్యూజియం చేశారు. అందులో ఆయనది కాపలా ఉద్యోగం. చూడవచ్చినవాళ్లు ఏ పింగాణీ కూజా వైపో కాస్త వంగితే చాలు, "చేతులు వెనక్కండీ, చేతులు వెనక్కి!" అని కేకేసేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, ఉద్యోగంతో వచ్చిన బుద్ధీ అంతేనేమో! కూరగాయల దుకాణంలో ఎవరో టమాటాలు నొక్కి చూస్తుంటే ఈయన అరిచిన అరుపుకి దుకాణదారే దడుచుకున్నాడు.

ఆయన భార్య, వీధి మొత్తానికి అత్తయ్య, ఇంట్లో మిషను కుట్టేది. పెళ్లయిన కొత్తలో, ఆయనకి అప్పుడే ఉద్యోగం వచ్చిన రోజుల్లో, ఇద్దరూ ఒడ్డున నడుస్తుంటే మేడ పైన సముద్రం వైపున్న అద్దాల గది కనిపించింది.

"అందులోంచి చూస్తే సముద్రం ఎలా ఉంటుందో! ఒక్కసారి తీసుకెళ్లండి" అంది.

"అదేం భాగ్యం, వచ్చే ఆదివారం" అన్నాడు. ఆ ఆదివారం జనం ఎక్కువ. ఆ తరవాత వానలని మేడ మూసేశారు. ఆపైన కప్పు మరమ్మతులు. ఆమె అడిగినప్పుడల్లా, "మేడకేమైనా కాళ్లున్నాయా, ఎక్కడికి పోతుందే?" అనేవాడు. మేడ ఎక్కడికీ పోలేదు, నిజమే. అత్తయ్య చూపే పోయింది. మొదట సూదిలో దారం ఎక్కలేదు, వయసు అనుకున్నారు. కళ్లజోడు మార్చారు. మార్చినా గుమ్మాలు తగిలి పడుతుంటే పెద్దాసుపత్రికి వెళ్లారు. కంటి నరం ఎండిపోయింది, పోయిన చూపు ఇక రాదన్నారు. ఆ పూట ఆయన భోజనం ముట్టలేదు. ముట్టకపోతే మాత్రం ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఉద్యోగం నుంచి దిగిపోయే వారంలో మ్యూజియం ఆఫీసరమ్మ ఆయన్ని పిలిచింది.

"ఇన్నాళ్లు చేశారు, మీకేం కావాలో అడగండి."

"మా ఆవిడకి చూపు లేదమ్మా. సెలవు రోజున తీసుకొస్తాను. ఒక్క పూట అన్నీ చేత్తో తడిమి చూసుకోనివ్వండి" అన్నాడు, తలొంచుకుని.

"చేతులు కడుక్కుని రమ్మనండి, చాలు" అంది ఆఫీసరమ్మ.

ఆ రోజు అత్తయ్య పెట్టె అడుగున దాచిన బట్టలు తీయించి కట్టుకుంది. సబ్బుతో చేతులు రుద్దిందే రుద్దింది. దారంతా చిన్నపిల్లలా ఒకటే మాటలు. మోచెయ్యి పట్టుకుని ఆయన మెల్లగా వాకిలి మెట్లెక్కించాడు. మొదటి గదిలో పొడుగాటి భోజనాల బల్ల. ఆమెని దాని పక్కన నిలబెట్టి, కిటికీ తలుపు తీద్దామని అటు తిరిగాడు. వెనక ఏదో పింగాణీకి గోరు తగిలిన చప్పుడైంది.

"చేతులు వెనక్కి!"

గదంతా మారుమోగింది. అరిచింది తనేనని ఆయనకి తెలిసేసరికే అత్తయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, తప్పు చేసిన పిల్లలా నిలబడిపోయింది.

"అయ్యో, నా నోరు పడిపోను! నిన్ను కాదే... ముట్టుకో, ఇదిగో, గిన్నె..." అంటూ ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. ఆ చెయ్యి ముందుకు రాలేదు.

"కోపమేం లేదండీ. ఇంక ముట్టుకోవాలంటే భయంగా ఉంది, పగులుతాయేమోనని. మీరే చెప్పండి, నేను వింటాను. ఈ ఇంటి గురించి మీకు తెలియందేముంది?"

అక్కడే వచ్చింది చిక్కు.

"ఇక్కడ బల్ల. చుట్టూ కుర్చీలు. గోడకి పటం" అన్నాడు.

"పటంలో ఏముంది?"

ఆయన తలెత్తి చూశాడు. పడవలో ఒక అమ్మాయి, ఆమె ఒళ్లో కుక్కపిల్ల. జీవితమంతా ఆ పటం కింద డ్యూటీ చేసి, ఆ కుక్కపిల్లని అప్పుడే చూశాడు. ఇన్నేళ్లూ ఆయన చూసినవి వచ్చినవాళ్ల చేతులు. ఉంగరాల చేతులు, ఐస్‌క్రీము జిడ్డు చేతులు. గదుల్ని ఎప్పుడు చూశాడు గనక!

"పైకి తీసుకెళ్లండి, ఆ అద్దాల గదికి" అంది అత్తయ్య.

అక్కడ కాపలావాళ్ల కుర్చీ సముద్రానికి వీపు పెట్టి, గుమ్మం వైపు తిరిగి ఉంది. వచ్చేవాళ్లని కనిపెట్టాలి కదా మరి. దాన్ని సముద్రం వైపు తిప్పి, ఆమెని కూర్చోబెట్టి, తను అద్దం దగ్గర నిలబడ్డాడు.

"ఎలా ఉంది?" అంది ఆమె.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నీళ్లు... చాలా ఉన్నాయే."

అత్తయ్య నవ్వేసింది. "అది నాకూ తెలుసులెండి. ఇంకా?"

ఆయన అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. చూపున్న రోజుల్లోనే తీసుకొచ్చి ఉంటే, ఇక్కడ నిలబడి ఆమే గలగలా చెప్పేది, తను వినేవాడు.

"పోనీలెండి" అంది ఆమె. "నా కోసం కాదు. మీరైనా ఒకసారి తీరిగ్గా చూడండి."

ఆయన చాలాసేపు అటే తిరిగి నిలబడ్డాడు.

"ఏం కనబడుతోంది?"

"ఏమీ కనబడటం లేదే" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.