బండ దగ్గర అనకూడని మాట

లక్ష్మణప్ప పేరెత్తితే ఒకప్పుడు నాకు ఒళ్ళు మండేది. చింతామణిలో మా బట్టల అంగడి ముందు నుంచే ప్రతి ఆదివారం పొద్దున్నే పదిమంది పిల్లల్ని వెంటేసుకుని, భుజాన తాళ్ళు తగిలించుకుని కైవార కొండల వైపు వెళ్ళేవాడు. చదువుకునే పిల్లల్ని కోతుల్లా బండలెక్కించడం ఏమిటయ్యా అని మొహం మీదే అడిగేశాను.

"కోతికి తాడు అక్కర్లేదమ్మా, మన పిల్లోల్లకి కావల్ల," అని నవ్వి పోయాడు.

ఆయనది బట్లహళ్ళి, రైతు కుటుంబం. ఇరవై రెండేళ్ళు సైన్యంలో ఉన్నాడు. అందులో సగం మంచుకొండల్లో కొత్త జవాన్లకు కొండెక్కడం నేర్పుతూనే గడిచింది. హవల్దారుగా రిటైరై వచ్చాక వారమంతా మల్బరీ తోట, ఆదివారమైతే పిల్లలు. వారానికొకరు నాయకులు. ఆ రోజు లక్ష్మణప్పయినా సరే ఆ పిల్లో పిల్లాడో చెప్పినట్టు వినాల్సిందే. నాయకుడు మాత్రం అందరూ తిన్నాకే తినాలి. మా ఇళ్ళలో ఈ పద్ధతి పెడితే ఎందరు మగవాళ్ళు పస్తుంటారో!

మూడేళ్ళ కిందట ఒక పొరపాటు జరిగింది. మాది కన్నడ సీమ కాబట్టి, ఇంట్లో తెలుగే మాట్లాడినా "పోనీలే, ఇక చాలు" అనడానికి కన్నడపు మాట "బిడు" అనేస్తాం. అదే మాటకు "వదిలెయ్" అని కూడా అర్థం. కిశోర్ అనే పిల్లాడు బండ మధ్యలో అలిసిపోయి, ఇక నావల్ల కాదన్నట్టు "బిడు సార్" అన్నాడు. బండ పైన కొక్కెం గుండా తిప్పిన తాడు రెండో కొసను కింద పట్టుకున్న రూపేష్ అనే ఇంకో పిల్లాడు, వదలమన్నాడనుకుని వదిలేశాడు. కిశోర్ కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఊరంతా రూపేష్‌ని తిట్టింది. నేనూ తిట్టాను, అబద్ధమెందుకు. లక్ష్మణప్ప మాత్రం కిశోర్ ఇంటి గడప ముందు నిలబడి, "తప్పు నాదప్పా. మన ఊరి మాట సంగతి నేనే ఆలోచించలేదు," అన్నాడట. కాలు కూడుకునేదాకా రోజూ తన బండి మీద కిశోర్‌ని బడికి తీసుకెళ్ళాడు. ఆపైన కొత్త నియమం పెట్టాడు. బండ దగ్గర "బిడు" అనకూడదు. ఎక్కేవాళ్ళు ఏం చెప్పినా తాడు పట్టినవాళ్ళు దాన్ని తిరిగి అడిగి, అవునన్నాకే చెయ్యాలి. వేరేవాళ్ళు ఏం అరిచినా చెవిన పెట్టకూడదు.

రూపేష్ ఆదివారాలు మానలేదు గానీ మళ్ళీ తాడు ముట్టలేదు. నీళ్ళ క్యాన్లు మోసేవాడు.

ఈ ఏడు నా మనవరాలు వర్ష నేనూ ఎక్కుతానని మొండికేసింది. సరే, నేనూ వస్తానన్నాను. గొడుగేసుకుని బండ కింద కూర్చున్నాను. వర్ష నడుముకు తాడు కట్టి, రెండో కొసను లక్ష్మణప్ప ఎవరి చేతికిచ్చాడనుకున్నారు? రూపేష్‌కి!

"లక్ష్మణప్పా! లోకంలో ఇంకెవురూ దొరకలేదా? కిశోర్‌ని పడేసినోని చేతిలో నా మనవరాలిని పెడతాండావా?"

రూపేష్ మొహం వాడిపోయింది. తాడు తిరిగివ్వబోయాడు. లక్ష్మణప్ప తీసుకోలేదు.

"ఆ పొద్దు జరిగింది వీడు ఇంకా మర్సిపోలేదు, వీని కంటే జాగ్రత్తగా పట్టేవాడు నాకాడ ఇంకొకడు లేడమ్మా," అన్నాడు.

"అవ్వా, రూపేషన్న పట్టుకుంటేనే ఎక్కుతా," అంది వర్ష. అంతే, ఎక్కడం మొదలుపెట్టింది.

ముప్పై అడుగుల ఎత్తున దాని కాలు జారింది. రెండు చేతులతో వేలాడుతోంది. లేచి నిలబడి గొంతు చించుకుని అరిచాను.

"వద్దమ్మా! సాలు, బిడు! బిడు!"

అన్నాక తెలిసింది ఏమన్నానో. అప్పుడే దాని చేతులూ జారాయి. నేను కళ్ళు మూసేసుకున్నాను. పడిన చప్పుడు లేదు. తెరిచి చూస్తే వర్ష తాడుకి వేలాడుతూ ఉంది. కింద రూపేష్ వెనక్కి వాలి, పళ్ళు బిగించి తాడు పట్టుకున్నాడు. నా వైపు చూడనైనా లేదు.

"పట్టుకునే ఉండా వర్షా. ఏం చేస్తావో నువ్వు సెప్పు," అన్నాడు.

"ఎక్కుతా!"

"ఎక్కుతావా?"

"ఎక్కుతా!"

ఎక్కింది. నేను అక్కడే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను.

లక్ష్మణప్ప పక్కకొచ్చి కూర్చున్నాడు. చీవాట్లు పెడతాడనుకున్నాను. "ఆ మాట మళ్ళీ వింటే వీడు ఏం చేస్తాడో అని నాకూ లోపల ఉండేదమ్మా. ఆ పరీక్ష పెట్టే ధైర్యం నాకు లేకపాయె. మీరు పెట్టినారు," అన్నాడు. ఎంత పెద్ద మనసయ్యా ఆ మనిషిది!

వర్ష దిగాక రూపేష్ తాడు చుట్టి పెట్టాడు. వాడి అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఆ రెండు చేతులూ పట్టుకుని, "నిన్ను అనరాని మాటలన్నాను నాయనా, తప్పైపోయింది," అన్నాను.

"బిడవ్వా," అన్నాడు వాడు. అని, గబుక్కున నాలుక కరుచుకుని లక్ష్మణప్ప వైపు చూశాడు.

"ఇప్పుడు అనొచ్చులేరా," అన్నాడు లక్ష్మణప్ప.