మా టోంగా బావకు రావాల్సిన తిట్లు

మా బావ పోయాడు. పొద్దున డ్యూటీకని లేచి, ఒక బూటు తొడుక్కుని, రెండోది చేతిలో ఉండగానే మంచం మీద ఒరిగిపోయాడు. గుండె అన్నారు. ఏ పనీ పూర్తిగా చెయ్యని సోమరి. చావులోనూ అదే తీరు.

చచ్చినవాణ్ణి ఇలా అంటున్నానని నొచ్చుకోకండి. ఇది అతను అడిగిందే. నాది జగిత్యాల వైపు, అతనిది జాంబియా దక్షిణం, మాట టోంగా. గల్ఫ్‌కు కూలికొచ్చాక, ఇండస్ట్రియల్ ఏరియాలో ఇద్దరిదీ ఒకే లేబర్ క్యాంప్, ఒకే గది. ఓ శుక్రవారం మా అక్క మొగుణ్ణి నేను ఫోన్లో తిడుతుంటే విని, ఏం గొడవని అడిగాడు. గొడవేం లేదు, బావ కాబట్టి తిడుతున్నానన్నాను. అతని మొహం వెలిగిపోయింది. వాళ్ళలోనూ అంతేనట. ఒక వంశం వాళ్ళకు ఇంకో వంశాన్ని ఎగతాళి చేసే వరస ఉంటుంది. చావింటికి ఆ వరసైనవాళ్ళు వచ్చి, ఏడ్చేవాళ్ళు నవ్వేదాకా పోయినవాణ్ణి తిట్టిపోస్తారు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు.

"ఇక్కడ నాకు ఆ వరసైనోళ్ళు లేరు. నేను పోతే నువ్వే తిట్టు. ఇంగ్లీషులో వద్దు, అది నాకు తగలదు" అన్నాడు, క్యాంప్ హిందీలో. ఆనాటి నుంచి నేను అతన్ని బావా అనే పిలిచాను.

ఏం మనిషండీ. పొద్దున్నే "మ్వాబూక బూటి" అంటూ వరండా అంతా తిరిగేవాడు. ఎట్లా లేచారని అడగడం. నైట్ డ్యూటీ చేసి అసలు పడుకోనివాణ్ణి కూడా అడిగేవాడు. ఒక్కడూ బదులిచ్చేవాడు కాదు, ఇతనికి సిగ్గూ లేదు. మక్కపిండితో గట్క వండితే గోడకు పూసుకోవచ్చు. అదేదో వాళ్ళే కనిపెట్టినట్టు మా అమ్మ గట్కకు వంకలు పెట్టేవాడు. ఊళ్ళో ఎడ్లున్నాయని ఫొటోలు చూపించి కోతలు కోసేవాడు. వాటి ఒంటి మీద ఎముకలు తప్ప ఏమీ లేవు. ఇన్నేళ్ళలో నేర్చిన తెలుగు ఒక్క ముక్క, "తిన్నవా". రోజూ నన్ను అదే అడిగేవాడు.

మెస్ హాల్లో సంతాప సభ పెట్టారు. మంచివాడు, క్రమశిక్షణ గలవాడు అన్నాడు సూపర్‌వైజర్. ఆ మాటలు అక్కడ ఎవడికైనా అతుకుతాయి. అతని భాష పేరేమిటో ఒక్కడికీ తెలియదు, ఆఫ్రికన్ అని సరిపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. లేచి, అతను నేర్పిన నాలుగు టోంగా తిట్లూ తిట్టాను. అవి చాలక తెలుగులోకి దిగాను.

"లే బావా, ఎంతసేపు పంటవు? గట్క మాడగొట్టేటోడా, బక్కెడ్ల దొరా, నిన్ను మోసేటోళ్ళ నడుములు ఏంగావాలె?"

సూపర్‌వైజర్ కూర్చోమని చెయ్యి ఊపాడు. నేను వినలేదు. మా గదివాడు తీసిన వీడియోను బావ చెల్లెలికి పంపాను. పంపాక భయమేసింది. అన్న పోయిన దుఃఖంలో ఉన్న మనిషి, ఎట్లా తీసుకుంటుందో.

శవం ఊరు చేరాక ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది ఫోన్లోకి, ఇంగ్లీషులో. వెనక జనం నవ్వులు, నడుమ ఏడుపు.

"నీ టోంగా మా మేకలకు కూడా అర్థం కాలేదు. శవపెట్టె పక్కన ఫోన్ పెట్టి అందరికీ వినిపించాం. ఇక నువ్వు మావాడివి. నువ్వు చచ్చినరోజు కబురు పంపు, తిట్టడానికి మేం వస్తాం."

కంపెనీ బస్సులో ఫోన్ చెవికి ఆనించుకుని రోజూ అది వింటాను. నా కళ్ళు చూసి పక్క సీటువాడు భుజం తట్టి ఓదారుస్తాడు. వెధవ, తిట్టడం కూడా చాతకాదు.